బి, డి తారుమారు చేసిన పిల్లవాడికి డిస్లెక్సియా అంటగట్టకండి: ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, ఎల్‌కేజీ, యూకేజీ ఇన్‌ఛార్జులకు నమస్కారం.

నేను సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతులకు చదువు చెప్పి రిటైరైన టీచర్ని. సాయంత్రం పూట మా కాలనీ పిల్లలు కొందరు పుస్తకాలు పట్టుకుని మా వరండాలోకి వస్తారు. వాళ్ల వెనకే స్కూలు డైరీ పట్టుకుని వాళ్ల అమ్మలూ వస్తారు. ఈ మధ్య ఆ డైరీల్లో ఒకే రకం రిమార్కు తరచుగా కనిపిస్తోంది: "బాబు బి, డి తిరగేసి రాస్తున్నాడు. 3 కూడా అద్దంలో చూసినట్టు రాస్తున్నాడు. డిస్లెక్సియా ఉందేమో చూపించండి." డిస్లెక్సియా అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం దగ్గర మాత్రం వచ్చే ఇబ్బంది. ఆ బాబుకు ఐదేళ్లు. ఇంకా ఒక్క పాలపన్నూ ఊడలేదు.

రాసిన టీచరమ్మ మీద నాకు కోపం లేదు. గదినిండా పిల్లలు, చేతిలో ఎర్ర పెన్ను, నెలాఖరుకు పూర్తి చేయవలసిన సిలబస్. ఆమెకు ఎక్కడో ఒక వర్క్‌షాపులో ఈ మాట చెవిన పడింది, పిల్లవాడి మేలు కోరే రాసింది. ఏ వయసులో ఏది మామూలో ఆమెకు చెప్పి ఉండవలసింది మీరు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెబుతాను. ఐదారేళ్ల పిల్లలు అక్షరాలను, అంకెలను తిరగేసి రాయడం మామూలే. ఏడేళ్లు దాటేదాకా, అంటే దాదాపు రెండో తరగతి పూర్తయ్యేదాకా, అదొక్కటే కనిపిస్తే కంగారు పడవలసిన పని లేదు. డిస్లెక్సియా అనేదే లేదని నేను అనడం లేదు. ఉంది, నూటికి ఐదు నుంచి పది మంది పిల్లల్లో ఉంటుందని అంచనా. అయితే ఆ చిక్కు చాలావరకు కంటిది కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో ముడివేసే చోట అది ఉంటుంది. మీరు రాత చూసి డిస్లెక్సియాను వెతుకుతున్నారు కాబట్టి, ఏ ఇబ్బందీ లేని పిల్లవాణ్ని పట్టుకుంటున్నారు. నిజంగా ఇబ్బంది పడుతున్న పిల్ల మీ కళ్లముందే మూడో తరగతికి, నాలుగో తరగతికి వెళ్లిపోతోంది. నా బాధ ఎక్కువగా ఆ పిల్ల గురించే.

మా వరండాలో ఒకరోజు రెండు నోటుపుస్తకాలు పక్కపక్కన పడ్డాయి. వేర్వేరు స్కూళ్లవి, పేర్లు అనవసరం. మొదటిది యూకేజీ బాబుది. బాల్ అనే మాటను డి తో మొదలుపెట్టాడు, 7 ఎడమ నుంచి కుడికి తిరగబడింది. పేజీ అంతా ఎర్ర సున్నాలు. "ఇదేమిటి నాన్నా?" అని అడిగితే "బాల్" అన్నాడు, ఒకసారి దాన్ని చూసుకుని పకపకా నవ్వి రబ్బరు తీశాడు. "పలక అనే మాటలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?" అన్నాను. "లక" అన్నాడు. "కమలలో మొదటి అక్షరం తీసేస్తే?" "మల." ఆట నచ్చినట్టుంది, "టీచర్‌లో టీ తీసేస్తే చర్" అని నన్నే ఆట పట్టించాడు.

రెండో పుస్తకం రెండో తరగతి పాపది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ. ప్రతి పేజీ చివర నక్షత్రం, "చక్కని చేతిరాత" అనే మెచ్చుకోలు. చదవమంటే వేలు పెట్టి గడగడా చదివింది. నేను పేజీ మీద అరచేయి అడ్డం పెట్టాను. పాప ఆగలేదు, కనిపించని రెండు వాక్యాలు కూడా అప్పజెప్పేసింది. ఆ పాఠంలోని "రైతు" అనే మాటనే పలక మీద విడిగా రాసి చూపిస్తే బిక్కముఖం వేసింది. "బాతు" రాశాను. బా అంది, తు అంది, రెండూ కలిపి పలకలేకపోయింది. పలకలో ప తీసేస్తే ఏమిటని అడిగితే, కాసేపు ఆలోచించి "బలపం" అంది.

ఆ జవాబు విన్నాక ఇక వేరే పరీక్ష ఎందుకనిపించింది. పాపకు తెలివి లేకపోలేదు. పలకకు బలపం తోడని తెలుసు, పాఠం మొత్తం కంఠతా వచ్చు, బోర్డు మీదిది చూసి గీత తప్పకుండా దింపేస్తుంది. మాట అర్థం ఆమెకు అందుతోంది, ఆ మాటలోని ధ్వని ముక్కలు అందడం లేదు. అది డిస్లెక్సియానో కాదో నేను తేల్చలేను, తేల్చే అర్హత నాకు లేదు. కానీ నిపుణుల దగ్గరికి వెళ్లవలసిన బిడ్డ ఆమె. నిపుణుల దగ్గరికి పంపింది మాత్రం ఆ అబ్బాయిని.

పిల్లలు ఎందుకు తిరగేస్తారో కూడా చెప్పాలి, లేకపోతే "ఊరుకుంటే అదే పోతుంది" అనే ముసలమ్మ మాటలా వినిపిస్తుంది. పిల్లి ఎడమవైపు చూసినా, కుడివైపు చూసినా పిల్లే. కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే. పుట్టిన నాటి నుంచి పిల్లల మెదడు ఈ సూత్రం మీదే నడుస్తోంది. ఎటు నుంచి వచ్చినా పులిని పులిగా గుర్తుపట్టవలసిన అవసరం మనిషికి ఎప్పటి నుంచో ఉంది, రాత పుట్టి మాత్రం ఐదు వేల ఏళ్ల పైచిలుకే. ఫ్రాన్సుకు చెందిన నాడీ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ ఈ విషయాన్ని లోతుగా పరిశీలించారు. ఆయన చెప్పేదాని ప్రకారం చదువు కోసం మెదడులో ప్రత్యేకంగా పుట్టిన భాగం లేదు. వస్తువులను, ముఖాలను గుర్తుపట్టే ప్రాంతంలోనే కొంత మేరను అక్షరాల కోసం మళ్లించుకుంటాం. వస్తువు ఎటు తిరిగినా ఒకటే అనే పాత అలవాటు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి పనికిరాదు, దాన్ని మానుకోవాలి. కర్రకు కుడివైపు పొట్ట ఉంటే బి అట, ఎడమవైపు ఉంటే డి అట, కర్ర కిందికి దిగితే పి, క్యూ అట. ఒకే ఆకారానికి నాలుగు పేర్లు. ఇంత విడ్డూరమైన నియమం అప్పటిదాకా ఆ పసివాడికి ఇంట్లో గాని, వీధిలో గాని ఎదురు కాలేదు. దాన్ని ఒంటపట్టించుకోవడానికి ఏడాదో రెండేళ్లో పట్టడంలో వింత ఏముంది?

ఇంకో ముచ్చట ఉంది, ఇది నాకు భలే నచ్చింది. ఫ్రాన్సులోనే ఫిషర్ అనే పరిశోధకుడు ఐదారేళ్ల పిల్లల రాతలు పరిశీలించి, వాళ్లు అన్నిటినీ సమానంగా తిరగేయరని గమనించారు. ఎడమవైపు ముఖం ఉన్న 3, 7 లాంటి అంకెలు, పెద్ద బడి అక్షరాల్లో జె, జెడ్ ఎక్కువగా తిరగబడతాయి. కారణం ఏమిటంటే, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో దిశ ఉన్నవి చాలావరకు కుడివైపు తిరిగి ఉంటాయి. బి, ఇ, ఎఫ్, కె, ఆర్ అన్నీ అంతే. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ పోకడ పసిగట్టి, మిగతా వాటికీ అదే వర్తింపజేస్తారు. అంటే మీ యూకేజీ బాబు 3ను తిరగేసినప్పుడు తనంతట తానే ఒక సూత్రం కనిపెట్టి వాడుతున్నాడు. దాన్ని డైరీలో లోపంగా రాసి పంపుతున్నారు.

మన తెలుగు లిపిలో బి, డి లాంటి అద్దపు జంటలు లేవు. ఇక్కడి చిక్కులు వేరు. తలకట్టు అతుక్కోకుండా విడిగా ఉంటే ప, అతుక్కుంటే వ. వ కు కొమ్మిస్తే మ లాగా కనిపిస్తుంది. పొట్టలో చుక్క ఉందా, కింద ఒత్తు ఉందా అన్నదాని మీద థ, ద, ధ మారిపోతాయి. ఘ, ఝ దగ్గర పెద్దవాళ్లే తడబడతారు. దీనికి తోడు గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడంలో పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది: అక్షరాలన్నీ పిల్లలకు పట్టుబడడం మొదటి ఏడాదితో ముగిసే పని కాదు, నాలుగో తరగతి దాకా సాగుతుంది. మీలో చాలా మంది ఒకటో తరగతికల్లా ఇంగ్లీషు, తెలుగు, హిందీ మూడు లిపులూ మొదలుపెడుతున్నారు. మూడు లిపుల మధ్య ఆరేళ్ల పిల్లవాడు తికమక పడితే తప్పు పిల్లవాడిదా, టైంటేబుల్‌దా?

తిరగేసిన అక్షరాలకూ డిస్లెక్సియాకూ ఈ బంధుత్వం ఎక్కడి నుంచి వచ్చింది? 1925లో అమెరికా డాక్టరు శామ్యూల్ ఆర్టన్, మెదడులో ఏదో ఒక పక్క పైచేయి సాధించకపోవడం వల్ల అక్షరాలు అటూ ఇటూ అవుతాయని ప్రతిపాదించారు. మాట జనంలోకి బాగా వెళ్లింది. 1971లో అమెరికా పరిశోధకురాలు ఇసబెల్ లిబర్మన్ బృందం చదవడంలో వెనుకబడిన పిల్లల తప్పులను లెక్కగట్టి చూస్తే, అక్షరాలు తిరగేయడం అందులో చిన్న భాగమే. అచ్చుల దగ్గర, హల్లుల దగ్గర జరిగిన తప్పులు అంతకంటే చాలా ఎక్కువ. ఆ దశాబ్దంలోనే ఫ్రాంక్ వెల్యుటినో అనే పరిశోధకుడు ఒక తమాషా పరీక్ష పెట్టారు. హీబ్రూ లిపి ఎరగని అమెరికా పిల్లలకు హీబ్రూ అక్షరాలు చూపించి, తీసేసి, జ్ఞాపకం మీద రాయమన్నారు. చదవలేని పిల్లలు కూడా చక్కగా చదివే పిల్లలతో సమానంగా రాశారు. కన్ను అక్షరాన్ని తిప్పి చూపిస్తోందన్నది నిజమైతే అక్కడ కూడా తేడా రావాలి కదా. రాలేదు. ఆర్టన్ సిద్ధాంతం అలా వీగిపోయింది. ఒక్క మాట మాత్రం ఆయన పక్షాన చెప్పాలి: ధ్వనినీ అక్షరాన్నీ చేతి కదలికనూ కలిపి, మెట్టుమెట్టుగా నేర్పాలని ఆయన చూపిన దారి నేటికీ పనికొస్తోంది. కారణం తప్పుగా ఊహించినా మందు సరిగానే ఇచ్చారు. మనం మందు వదిలేసి ఆ తప్పు ఊహను పట్టుకున్నాం.

అసలు వైద్య సాహిత్యంలో తొలిసారి నమోదైన పిల్లవాడి కథ చూడండి. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు పెర్సీ అనే పధ్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశారు. ఆ అబ్బాయి తన పేరునే అక్షరాలు ముందువెనకలు చేసి "ప్రెసీ" అన్నట్టు రాసేవాడు, కొద్దిపాటి తేలిక మాటలు తప్ప చదవలేకపోయేవాడు. పాఠాలన్నీ నోటిమాటగా చెబితే బడి మొత్తానికి ఇతనే చురుకైనవాడవుతాడని వాళ్ల మాస్టారు అన్నారట. మా వరండాలో పాప గురించి నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

ఇక ఆ ఒక్క మాట డైరీకి ఎక్కాక ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియదు, నేను చూస్తున్నాను. తండ్రి అర్ధరాత్రి దాకా ఫోనులో వెతుకుతాడు. "మా వైపు ఎవరికీ లేదు" అని అత్తగారు తేల్చేస్తుంది. తల్లి బి వంద సార్లు, డి వంద సార్లు రాయిస్తుంది, వాడు ఏడుస్తూ తొంభయ్యోది కూడా తిరగేస్తాడు. ఆ తర్వాత అంగళ్లు తెరుచుకుంటాయి. రంగు అద్దాలు ఒకరు అమ్ముతారు, కంటి కసరత్తులు ఒకరు, మెదడును "యాక్టివేట్" చేసే కోర్సు ఇంకొకరు. రంగు అద్దాలు, కంటి కసరత్తులతో డిస్లెక్సియా నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘంతో కలిసి 2009లోనే ప్రకటించింది. పిల్లల చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించమని చెప్పడం వేరు. అది ప్రతి బడీ చెప్పవలసిన మంచి మాట.

చట్టం ఏమంటోందో కూడా మీ దృష్టికి తెస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. వాటిని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధనా పద్ధతులు పాటించాలని 16వ సెక్షన్ విద్యాసంస్థలకే బాధ్యత అప్పగించింది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు లాంటి వెసులుబాట్లు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందైతే అప్పుడు, ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెంటిలోనూ టీచర్లు ప్రాథమిక పరిశీలన చేయాలి. సర్టిఫికెట్ ఇచ్చేది ఎనిమిదేళ్లు నిండాకే. మరి యూకేజీ బాబు తల్లిదండ్రులను "సర్టిఫికెట్ తెస్తే ఒకటో తరగతికి ఆలోచిస్తాం" అని ఎలా అడుగుతున్నారు? ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు పిల్లల్ని వడపోసే పరీక్షలు పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అంటోంది. మీ లీగల్ సలహాదారును అడగండి. మూడో తరగతిలో చేయవలసిన ఆ పరిశీలన మీలో ఎందరు చేస్తున్నారో కూడా ఒకసారి లెక్క చూసుకోండి.

ఎనిమిదేళ్ల దాకా చేతులు కట్టుకుని కూర్చోమని దీనికి అర్థం కాదు. సర్టిఫికెట్‌కు వయసు కావాలి, సాయానికి వయసు అక్కర్లేదు. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, ప్రాస పాటల్లో ఏ మాటకు ఏది కలిసిందో పట్టుకోలేని పిల్లలు, రోజూ చెబుతున్నా అక్షరాల పేర్లు నిలవని పిల్లలు, అమ్మకో నాన్నకో అన్నకో చదవడం కష్టమైన ఇంటి పిల్లలు ఎల్‌కేజీ నుంచే మీ కంటికి ఆనాలి. ఒకటి, రెండు తరగతుల్లో అక్షరాలు వచ్చినా కలిపి చదవలేకపోవడం, బొమ్మ చూసి ఊహించడం, విన్నది చెప్పగలిగి చదివింది చెప్పలేకపోవడం ఇంకా గట్టి గుర్తులు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి కొందరు పిల్లలు తప్పుల్లేకుండానే చదువుతారు గాని, ఒక్కో మాట దగ్గర ఈదుతారు. ఆ నత్తనడకను కూడా పట్టించుకోవాలి. తెలుగు హాయిగా చదివే పిల్లవాడు ఇంగ్లీషు ఒక్కటే చదవలేకపోతే, ముందు ఆ భాష వాడి చెవిన ఎంత పడిందో చూడండి. ఎనిమిదేళ్లు వచ్చినా అక్షరాలు తిరగబడుతూనే ఉండి, చదువు కూడా కుంటుపడుతుంటే అప్పుడు ఆ తిరగేతకు విలువ ఉంది.

రాత నేర్పే పద్ధతి దగ్గర మీరు రేపటి నుంచే చేయగలిగింది ఉంది. చిన్న బి రాయడానికి పెన్సిలు పై గీత నుంచి కర్రగా కిందికి దిగి, అదే దారిన సగం దాకా పైకి వచ్చి, కుడివైపు పొట్ట కట్టాలి. చిన్న డి కి ముందు సి రాసి, పైకి వెళ్లి, కర్ర కిందికి దించాలి. ఒకటి కర్రతో మొదలు, ఇంకొకటి పొట్టతో మొదలు. ఆ కదలిక చేతికి అలవాటైతే కంటికి తికమక తగ్గుతుంది. మీ నాలుగు గీతల కాపీ పుస్తకాల్లో ఉన్నది చుక్కలు కలిపే పని. చుక్కలు ఏ వైపు నుంచి కలిపినా చివరికి అక్షరం ఒకేలా తయారవుతుంది, చేయి ఎటు నుంచి ఎటు కదిలిందో దిద్దే టీచరుకు తెలియదు. పైగా రెండు అక్షరాలనూ ఒకే రోజు పక్కపక్కన పెట్టి ఏది బి, ఏది డి అని అడుగుతారు. ఒకటి బాగా కుదిరాక, కొన్ని వారాల ఎడంతో రెండోది మొదలుపెట్టండి. పలక మీద, ఇసుకలో, గాలిలో పెద్దగా రాయించండి. కర్సివ్ రాతలో ఈ రెంటి తేడా తేలిగ్గా తెలుస్తుందని వాదించేవాళ్లు ఉన్నారు. ఉండవచ్చు. నాలుగేళ్ల వేళ్లకు ఆ మెలికలు తిరిగే బలం ఉందా అన్నది నా ప్రశ్న.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022 నుంచి తొలిమెట్టు పేరుతో పిల్లలు నిజంగా చదవగలుగుతున్నారా అని చూడడం మొదలైంది. లోటుపాట్లు ఉండవచ్చు గాని, చూడడమైతే మొదలైంది. ఫీజులు కట్టించుకునే మీరు అంతకంటే తక్కువ చేస్తే బాగుండదు. ప్రతి టర్ములో ఒకసారి, రెండో తరగతి దాకా ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చదివించండి. బిడ్డకు రెండు మూడు నిమిషాలు చాలు. కంఠతా వచ్చిన పాఠం ఇవ్వకండి, దాన్ని వాళ్లు మీకే తిరిగి అప్పజెబుతారు. తడబడిన పిల్లలకు రోజూ కాసేపు ధ్వనుల ఆటలు, విడిగా చదివింపు పెట్టండి. కొన్ని నెలలు అలా చేసినా కదలిక లేకపోతే, ఏమేం చేశారో, బిడ్డ ఎక్కడ ఆగిపోతోందో వివరంగా రాసి ఇచ్చి తల్లిదండ్రులను నిపుణుల దగ్గరికి పంపండి. డైరీలో తెగేసి రాసిన ఒక్క పదం కంటే ఆ కాగితం డాక్టరుకు కూడా ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేను రాసినదాంట్లో మీకు సమ్మతం కానిది ఉంటే మీ బడిలోని స్పెషల్ ఎడ్యుకేటర్‌ను, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ను అడగండి. అలాంటి ఉద్యోగి మీ బడిలో లేకపోతే, ఐదేళ్ల పిల్లవాడి డైరీలో ఆ పదం ఎవరి అధికారంతో రాస్తున్నారో తల్లిదండ్రులకు చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు